బాపు చూసిన కాలేజీ

ఇంటర్ అయ్యాక సైకాలజీ చదువుతానంటే కేతేపల్లిలో మా వాడకట్టంతా నన్ను జాలిగా చూసింది. "మంచిగున్న పిల్లకు పిచ్చోళ్ల సదువెందుకే?" అన్నది మా అవ్వ. బాపు మాత్రం, "కాలేజీని నా కండ్లతోని చూస్త. నచ్చితే గదే సదువు. నచ్చలేదనుకో, నల్లగొండల బీకాం" అని తేల్చేశాడు. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ జ్వరమే.

బాపుకు చూడటమంటే ఎడ్లను చూసే పద్ధతి ఒక్కటే తెలుసు. అంగట్లో ఏ ఎద్దునూ నమ్మడు. "ఆడ కొమ్ములకు రంగేస్తరు, ఒంటికి నూనె రాస్తరు. చెప్పకుండ ఇంటికాడికి పోయి చూడాలె" అంటాడు. కాలేజీకీ అంతే. ఫోన్ చేసి కనుక్కుందామంటే వద్దన్నాడు. పొద్దున్నే బస్సెక్కాం. ఆడపిల్లనని నాకు ఉచితం, బాపుకు టికెట్. "సదివేది నువ్వు, కిరాయి నాకా!" అని కండక్టరును కూడా నవ్వించాడు.

హైదరాబాద్‌లో మొదటి కాలేజీ అద్దాల మేడ. నాకు చూడగానే నచ్చేసింది. సూటు వేసుకున్న ఒకాయన మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. బాపు అంతా విని, "పిల్లలు ఏడ కూసుంటరు సారు, జర సూపియ్యి" అన్నాడు. అడ్మిషన్ అయ్యాక చూడొచ్చన్నాడాయన. బాపు లేచి నిలబడ్డాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

రెండోది పాత కాలేజీ, గోడలకు సున్నం రాలుతోంది. బాపును వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, హాస్టల్ సంగతి అడగడానికి నేను ఆఫీసుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. సైకాలజీ చివరి సంవత్సరమట. మీకేం నేర్పిస్తరని బాపు అడిగితే, ముందు వినడం నేర్పిస్తారని చెప్పిందట. "అయితే నా ముచ్చట విను" అని ఈయన మొదలుపెట్టేశాడట.

నేను స్తంభం వెనకే ఆగిపోయాను. బాపు ఎడ్ల సంగతి చెప్తున్నాడు. ట్రాక్టర్ కొన్నాక, నిరుడు జోడీని అమ్మేశాడు. మంచిపని చేసినవని మేమందరం అన్నాం, అంతటితో అయిపోయిందనుకున్నాం. "కొన్నోడు తోలుకపోతాంటే ఎర్రెద్దు ఎనుకకు తిరిగి చూసింది బిడ్డా" అంటూ బాపు తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి ఓదార్చలేదు, సలహా ఇవ్వలేదు. "దాన్ని ఏమని పిలిచేవారు అంకుల్?" అని అడిగింది. పేరు చెప్తుంటే బాపు ముఖం వెలిగిపోయింది.

గేటు దాటగానే, "ఆన్‌లైన్ దరఖాస్తుల మొదటి ఆప్షన్ గిదే పెట్టు" అన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "సున్నం రాలుతాంది కదా బాపు?" అని ఆటపట్టించాను.

"సున్నం మనమన్న ఎయ్యొచ్చు. గట్ల వినేటోళ్లను ఏడికెళ్లి తెస్తం?"

నవ్వులాటకు ముందుండే మనిషే గానీ, లోపలి మాట ఇంట్లో ఎవరికీ చెప్పడు. ఆ సాయంత్రం బస్సులో మాత్రం చిట్యాల దాటినా ఎడ్ల ముచ్చట ఆగలేదు. నకిరేకల్‌లో ఒకసారి మాట ఆపి, "ఇసుగొస్తాందా బిడ్డా?" అన్నాడు. "లేదు బాపు, చెప్పు" అన్నాను.

మా ఊరి బస్సు స్టేజీ వచ్చింది. నేను చూశాను. బాపు ఇంకా చెప్తూనే ఉన్నాడు. సూర్యాపేటలో దిగి, వెనక్కి ఇంకో బస్సెక్కాం.