రెండడుగుల ఎత్తున విభూతి

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. దిష్టి తీసిన గుమ్మడికాయను రోడ్డు మీద కొట్టే బదులు సాంబారులో వేయొచ్చుగా అని అడిగి, మా అమ్మ చేత తిట్లు తిన్నవాణ్ణి. ఇప్పుడు చెప్పేదాన్ని కూడా దెయ్యం అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా పొలాల గట్ల మీద అక్కడక్కడా కొలత బోర్లు ఉన్నాయి. వాటిలోంచి ఎవరూ నీళ్లు తోడరు. నెలకోసారి టేపు దించి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడడమే నా ఉద్యోగం. కొస నీటికి తగలగానే టేపు బీప్‌మంటుంది. పైపు అంచు దగ్గర దాన్ని వేళ్లతో నొక్కిపట్టి అంకె చదవాలి. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివింది ఇందుకే.

తిరుత్తణి దగ్గర ఒక బోరు మునుసామి మామ గట్టున ఉంది. వరసకు మామ కాదు, పెట్టే మజ్జిగను బట్టి మామ. నేను వెళితే టేపు ఆయనే పట్టేవాడు. రొండిన ఎప్పుడూ కొండ మీది మురుగన్ గుడి విభూతి పొట్లం ఉండేది. బొటనవేలికి అద్దుకుని, పైపు అంచు దగ్గర టేపు మీద గుర్తు పెట్టేవాడు.

"టేపుకు కూడా బొట్టేనా మామా?"

"నీ కండ్ల కంటే మురుగన్ విభూతి నయం రా అల్లుడా. ఆ అంకె చూసే కదా నేను నాటేది."

నిజమే. నీళ్లు పైకొస్తే వరి, దిగితే వేరుశనగ. ఆయన లెక్క అంతే.

పోయిన ఎండాకాలం ముందు నేను వెళ్లేసరికి మామ పొన్నేరిలో పెళ్లికి పోయి ఉన్నాడు. నడుమెత్తు ఉండే పైపును కోతమిషను గుద్దినట్టుంది, మోకాలెత్తున విరిగి ఉంది. ఫొటో తీశాను. విరిగిన అంచు నుంచే కొలిచాను. పోయిన నెల కంటే నీళ్లు రెండడుగులు పైకొచ్చాయి! పైకొచ్చింది నీళ్లు కాదని, దిగింది పైపు అంచని నాకు తట్టలేదు. మామకు ఫోన్ చేశాను.

"నిజంగానా? అయితే వరి నాటేదా?"

"పడవ కూడా కొనుక్కో మామా" అన్నాను.

వెన్ను తీయకముందే పైరు ఎండిపోయింది. విరిగినదాని బదులు కొత్త కొలత బోరు కోసం కాగితాలు రాస్తూ ఆ ఫొటో చూస్తే నా తప్పు నాకు కనబడింది. వెంటనే ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే ఆయన, "నేను ఆ పొద్దు టేపు పట్టను ఊర్లో లేకపోతిని. తప్పు నాదేలే" అన్నాడు. నేను నవ్వి, వేరే మాటలు మాట్లాడి పెట్టేశాను. కొత్త బోరు వేసే రోజున ఎదురుగా చెబుదామనుకున్నాను. మామ తిరునిన్రవూరులో కూతురింటికి వెళ్లి, అక్కడే గుండె ఆగి పోయాడు. బోరు బండి ఆ తర్వాతి వారం వచ్చింది.

పట్టపగలు, పదకొండు గంటలు. పది అడుగుల అవతల కొత్త బోరు పూర్తయింది. పాతదాన్ని సిమెంటుతో మూసేముందు చివరి కొలత తీయాలి. ప్రతి బోరుకూ ముందు టేపు కడగాలని రూలు. సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, నేనే దించాను. బీప్ వచ్చింది. మోకాలెత్తున విరిగిన అంచు దగ్గర నొక్కిపట్టాను.

నా వేళ్లకు పైన, టేపు మీద తెల్లటి బొటనవేలి ముద్ర ఉంది. పొడి విభూతి. నా చేతులు తడిగా ఉన్నాయి. బండి ఆపరేటర్ అన్న చేతుల నిండా గ్రీజు.

"ఎవరు సార్ విభూతి పెట్టినారు?" అన్నాడాయన.

అంచు దగ్గర పట్టు వదలకుండా, రెండో చేత్తో టేపును పైకి బిగించి పట్టాను.

అంచు నుంచి ముద్ర దాకా కొలిచాను. రెండడుగులు. పైపు విరక్కుండా ఉంటే అంచు సరిగ్గా అక్కడుండేది.

రీలు సందులో పాత విభూతి ఏమైనా మిగిలిందేమోనని ఇంట్లో టేపంతా విప్పి చూశాను. లేదు. అదెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

రిపోర్టులో, "పైపు విరిగాక రాసిన కొలతలు తప్పు. తప్పు నాది" అని రాశాను. మామ కూతురికీ వెళ్లి చెప్పాను. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్పాను.

తర్వాతి బోరుకు ముందు టేపు కడగాలి, ఆ ముద్రతో సహా. కడిగాను. చాలాసేపు పట్టింది.