కాపడం బాబాయి

దర్జీ బాబాయికి ఒకటే పిచ్చి, కళ్లకు కాపడం. తలనొప్పి అన్నా, నిద్ర పట్టలేదన్నా, ఇంటావిడ అలిగిందన్నా ఆయన మందు ఒక్కటే: "ముందు కళ్లు మూసుకో." కత్తెరలు ఉండాల్సిన సొరుగులో వేడినీళ్ల ఫ్లాస్కు, దాని పక్కన మడతలు పెట్టిన మెత్తటి గుడ్డలు. గుడ్డ తడిపి, పిండి, తన రెప్ప మీద ఆనించి చూసుకుని గానీ ఎదుటివాళ్లకు పెట్టడు. వీధి వీధంతా కాపడం బాబాయి అనేది అందుకే.

రోజూ మధ్యాహ్నం కొట్లో మిషన్లన్నీ ఆగాల్సిందే.

"నా కళ్లు మండిపోతున్నాయర్రా, అందరూ పనాపండి."

"మండేది మీకు, ఆపేది మేమూనా?" అనేది పిన్ని.

"నేనొక్కణ్ణే మూసుకుంటే కొట్టెవరు చూస్తారే?"

"అందరం మూసుకుంటే ఎవరు చూస్తారు?"

అప్పటికే ఆయన ఫ్లాస్కు మూత తీసేసేవాడు.

ఓసారి కోటు తొడిగి చూసుకోవడానికొచ్చిన పెళ్లికొడుకుని కూర్చోబెట్టి కాపడం పెట్టాడు. అతగాడు ఒక చెయ్యే కుట్టిన కోటుతోనే గుర్రుపెట్టి నిద్రపోయాడు. వెతుక్కుంటూ వచ్చిన కాబోయే మామగారు బిత్తరపోతే, "నెమ్మది, లేస్తాడు. మీ కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, అలా కూర్చోండి" అన్నాడు బాబాయి.

అందరూ నవ్వుకునేవారు, కాజాలు కుట్టే అన్నకూతురు తప్ప. ఆ పిల్లకు కొన్నాళ్లుగా కళ్లల్లో ఇసుక పోసినట్టుండేది. సూది బెజ్జం అలుక్కుపోయేది. చెబుదామంటే భయం. కాజాల మిషను కొందామని పిన్ని ఎప్పట్నుంచో పోరుతోంది. అది వస్తే తన పని పోయినట్టే. మధ్యాహ్నం కాపడం పెట్టాక మాత్రం కాసేపు హాయిగా కనిపించేది. ఈ బాబాయి పిచ్చి ఎన్నటికీ కుదరకూడదని మనసులోనే మొక్కుకునేది.

ఒకరోజు చొక్కాకి కాజాలు వంకరగా వచ్చాయి. బాబాయి చూశాడు. వాటిని విప్పేసి, "నా కళ్లు డాక్టరమ్మకి చూపించుకోవాలి, తోడు రావే" అన్నాడు.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "మీకేమండీ, చంటిపిల్లాడి కళ్లు."

"ఎలాగూ వచ్చాం, మా అమ్మాయివీ చూడండి."

ఈసారి ఆవిడ చాలాసేపే చూసింది. "రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు పూడుకున్నాయి. నూనె లేక కన్నీరు తొందరగా ఆరిపోతోంది. చూపుకేం ఢోకా లేదు. చుక్కల మందు రాస్తాను. కాపడం మాత్రం మానకమ్మా."

బయటికొచ్చాక ఆ పిల్ల అడిగింది, "నీ కళ్లు మండట్లేదా బాబాయ్?"

"నీ ఒక్కదానికే పెడతానంటే కూర్చునేదానివా? నాకేం లేదు, నాకేం లేదు అనేదానివి."

"మరి ఆ పెళ్లికొడుకు?"

"ఇది నా పిచ్చేనని నువ్వు నమ్మాలిగా మరి."

ఏడుపొచ్చేలోపే ఆ పిల్లకు నవ్వొచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి గుడ్డ కత్తిరించే ధ్యాసలో పడి లోకం మర్చిపోయాడు. కాజాల దగ్గర్నుంచి మెల్లగా వినిపించింది: "బాబాయ్, నీ కళ్లు మండుతున్నాయి."

"అవునే, మర్చేపోయాను" అంటూ ఆయన సొరుగు లాగాడు.

"మొదలెట్టారు" అని విసుక్కుంటూ, అందరికంటే ముందు పిన్నే కళ్లు మూసుకుంది.