వేడి పొక్కు అనుకున్నది

ఆ సోమవారం విత్తనాల ల్యాబ్‌లో పనిలో ఉండగా తొడ మూలలో మంట మొదలైంది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి చూసుకుంటే రెండు ఎర్రటి పొక్కులు.

అప్పటికి జోయెల్‌తో నాకు నిశ్చితార్థం అయి నాలుగు నెలలు. ఇద్దరం ముప్పై దాటినవాళ్లం, కెనడాలోని సస్కటూన్‌లో ఒకే తెలుగు చర్చికి వెళ్తాం. తనకు జెనిటల్ హెర్పిస్, అంటే జననాంగాల దగ్గర పొక్కులు తెచ్చే వైరస్, ఉందని అతనే నాకు చెప్పాడు. పెళ్లయ్యేదాకా హద్దు దాటొద్దనుకున్నాం. అంతకుముందు శనివారం మా సోఫాలో దగ్గరైనప్పుడు కూడా ఇద్దరి ఒంటిమీదా బట్టలున్నాయి. బట్టలుంటే భయం లేదని అతనన్నాడు, నేను నమ్మాను.

ఆ నమ్మకం ఒక్క పూటలో పోయింది. ఇంటికొచ్చి శనివారం వేసుకున్న లెగ్గింగ్స్‌ని సలసల కాగే నీళ్లలో నానబెట్టాను. అతను తాగిన స్టీలు గ్లాసు చెత్తబుట్టలో పడేశాను. సాయంత్రం అతనొస్తే గుమ్మంలోనే నిలబెట్టి ఉంగరం తీసి ఇచ్చేశాను.

"నీ రోగం నాకు అంటించావు," అన్నాను.

అతను ముందు డాక్టర్‌కి చూపించుకోమని మాత్రం చెప్పి, ఉంగరం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు క్లినిక్‌లో సిగ్గుతో చచ్చిపోతూనే జరిగింది చెప్పాను. డాక్టర్ పొక్కుల మీద స్వాబ్ తీసి, నెమ్మదిగా వివరించింది. హెర్పిస్ చర్మానికి చర్మం తగిలితే వస్తుంది, బట్టలు దాటి రాదు. బట్ట పక్కకి జరిగి చర్మం తగిలితే మాత్రం, పుండు కనబడకపోయినా రిస్క్ ఉంటుంది. గ్లాసు పారేయడం దండగ అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, పెదవి మూల ఆ పుండేమిటని అడిగింది.

అది చిన్నప్పట్నుంచి పరీక్షలప్పుడల్లా వచ్చేదే. వేడి చేసిందని మా అమ్మ మజ్జిగ తాగించేది. అదే చెప్పాను.

"దట్స్ హెర్పిస్ టూ," అంది డాక్టర్. అదీ హెర్పిసేనట.

అక్కడా స్వాబ్ తీసింది. నాలుగు రోజులకు రిజల్ట్ వచ్చింది. తొడ దగ్గర నెగటివ్, బిగుతు లెగ్గింగ్స్ ఒరుసుకుని వచ్చిన పొక్కులట. పెదవి దగ్గర పాజిటివ్, హెచ్‌ఎస్‌వి వన్, హెర్పిస్‌లో ఎక్కువగా పెదవుల మీద వచ్చే రకం. శనివారం అదే పెదవితో జోయెల్‌ని ముద్దు పెట్టుకున్నాను. అతను తనది చెప్పి నన్ను కాపాడాలని చూశాడు. నేను నాది ఏమిటో కూడా తెలుసుకోకుండా అతన్ని గుమ్మంలోంచి పంపేశాను. కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

నేరుగా అతనింటికి వెళ్లి అంతా చెప్పాను, క్షమించమన్నాను.

"నాకుందని నీకు చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది," అన్నాడు. "నువ్వు ఆ మాట అనడానికి నిమిషం కూడా పట్టలేదు."

ఉంగరం మళ్లీ నా వేలికి రావడానికి చలికాలమంతా పట్టింది. ఇప్పుడు మాకు పెళ్లయి ఏడాది. అతను రోజూ యాంటీవైరల్ మాత్ర వేసుకుంటాడు. నా పెదవి చిమచిమలాడిన రోజు నేనే చెప్పి దూరంగా ఉంటాను.

మీకు చెప్పేది ఒక్కటే. పెదవి మీద పొక్కు వస్తే వేడి అనుకుని మజ్జిగతో సరిపెట్టకండి. డాక్టర్‌కి చూపించండి, అది పూర్తిగా మానేదాకా ఎవర్నీ, ముఖ్యంగా పసిపిల్లల్ని, ముద్దు పెట్టుకోకండి.

మా ఇద్దరికీ వైరస్ గురించి ఇప్పుడు భయం లేదు. కానీ నన్ను ముట్టుకోబోయేముందు అతని చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. అది నేను అంటించిందే.