మూడు గంటలకు జరిగే చార

రాతి మేస్త్రి మొదటి గెలుపు తొమ్మిదోసారికి దక్కింది. రెండు టన్నుల రాతిబల్ల పాదరసం తొట్టిలో తేలుతూ, చిటికెనవేలితో తోస్తే గుండ్రంగా తిరిగింది. దాని మీది అద్దాల్లోంచి పడ్డ వెలుగుచారలు వణకను కూడా వణకలేదు. చదివింది అయిదో తరగతి. పట్టాలున్నవాళ్లు ముగ్గురు చేతులెత్తేసిన పని అది. ఆ తరవాత భూకంపాలు కొలిచే యంత్రానికి దిమ్మె కట్టాడు, పెద్ద దూరదర్శినికి పీఠం కట్టాడు. ఒక్కటీ ఈనాటికీ బీటలివ్వలేదు.

బల్ల చేయించుకున్నది ప్రొఫెసరు. విశ్వంలో నిజంగా కదలకుండా ఉన్న చట్రం ఒకటుందని, మిగతా కదలికలన్నీ దాన్నిబట్టే కొలవాలని ఆయన పట్టుదల. ఎవరు ఎటు పోతూ కొలిచినా వెలుగు వేగం ఒకటేనని, అలాంటి చట్రం ఎక్కడా దొరకలేదని పిల్లల పుస్తకాల్లోనే ఉంది. కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బల్ల మీద ఒక వెలుగును రెండుగా చీల్చి, ఒకదాన్ని నిలువుగా, ఒకదాన్ని అడ్డంగా పంపి మళ్లీ కలిపితే చారలు పడతాయి. ఆయన చట్రమే ఉంటే, భూమి దాంట్లోంచి దూసుకుపోతోంది కనుక, బల్ల తిప్పినప్పుడల్లా చారలు పక్కకు జరగాలి. మూడేళ్లు తిప్పారు. జరగలేదు.

"నీ బల్లే వంకర," అన్నాడు ప్రొఫెసరు. ఆడలేనివాడికి మద్దెలే కదా ఓడు.

"వంకరైతే చారలు ఊగాలి గానీ నిలబడవు కదండీ," అన్నాడు మేస్త్రి.

"ఈ ఏడాదిలోగా జరక్కపోతే బల్ల పగలగొట్టిస్తా. నువ్వూ వేరే పని చూసుకో."

మందపాటి గోడలే అడ్డొస్తున్నాయని ప్రొఫెసరు బల్లను రేకుల షెడ్డులోకి మార్పించాడు. మొదటి రోజే, మధ్యాహ్నం మూడింటికి చార జరిగింది. మర్నాడూ మూడింటికే. ఏ కొన్ని రోజులో తప్పితే, రెండు నెలలు అదే తంతు. ప్రొఫెసరుకు కాళ్లు నేల మీద ఆనలేదు. సభ పెట్టించాడు, కొత్త కోటు కుట్టించుకున్నాడు, మేస్త్రి భుజం తట్టి బల్ల బంగారమన్నాడు.

"ఇంకేం, ఉద్యోగం నిలిచింది. నోరు మూసుకుని ఉండండి," అంది మేస్త్రి భార్య.

"అబద్ధానికి నా బల్లను సాక్షిగా నిలబెడుతున్నాడే," అన్నాడు మేస్త్రి.

చిన్నప్పుడు తండ్రితో పొలం కాపలా కాసినవాడు. ఏ చుక్కైనా రోజుకు నాలుగు నిమిషాలు ముందే పొడుస్తుందని, నెలకు రెండు గంటలు తేడా వస్తుందని ఆయనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మర్నాడు వెళ్లి ప్రొఫెసరును అడిగాడు.

"అయ్యా, మీ చట్రం ఆ చుక్కల మధ్యే కదా ఉంది? మరి చార జరిగే వేళ ఈపాటికి పొద్దున పదకొండుకి రావాలి. మూడును వదలనంటోందేం?"

"నువ్వు నాకు చుక్కలు చూపిస్తావా?"

"చుక్కలు కాదండీ, ఎండ. మూడింటికి పడమటి రేకు కాలిపోతోంది. మబ్బు పట్టిన రోజు మీ విశ్వం కూడా సెలవు పెడుతోంది చూశారా?"

పడమటి రేకు మీద తడి గోనెలు పరిచాడు మేస్త్రి. మూడయింది. బల్ల తిప్పారు. చార చచ్చినా జరగలేదు.

"నీ బల్లతో పాటు నువ్వూ పో," అన్నాడు ప్రొఫెసరు. గోనెల సంగతి ఎత్తనేలేదు.

షెడ్డు వాకిట్లో నిలబడి అంతా విన్న పరిశోధనశాల డైరెక్టరమ్మ మాత్రం, "పోవాల్సిందే. ఎండ తగలని చోటికి," అంది. సభ ఆపించి, బల్లనూ మేస్త్రినీ పాతబడ్డ గనిలోకి, నేలకు నూరు బారల లోతుకు పంపింది.

అక్కడ నలభై రోజులుగా అన్ని వేళలా తిప్పుతున్నారు. చార ఉన్నచోటే ఉంది. బల్లలో వంకర లేదని డైరెక్టరమ్మ సంతకం పెట్టిన కాగితం మేస్త్రి ఇంటికి వచ్చింది. భార్య దాన్ని అద్దం పక్కన అంటించింది. ప్రొఫెసరు కొత్త కోటు తొడుక్కుని, ఖాళీ రేకుల షెడ్డులో మూడు గంటల కోసం ఇంకా కాచుక్కూర్చుంటున్నాడట.

గనిలో కొలతలు పూర్తికాగానే మేస్త్రి ఇంటికి తిరిగి వస్తాడు.