పడేసిన కార్డు తీసుకోవచ్చా?

2023 ఎండకాలం. పంజాగుట్టల ఒక కార్డ్ గేమ్ దుకాణంల నేను పనికి చేరి అప్పటికి నాలుగేండ్లు. దుకాణం మెయిన్ రోడ్డు మీద లేదు. వెనక గల్లీల, ఒక కండ్లద్దాల షాపు పైన మొదటి అంతస్తుల ఉంటది. మెట్లెక్కి వచ్చేటోళ్లకు ముందుగాల గోడ నిండ కార్డు ప్యాకెట్లు కనపడతయి, తర్వాత బల్లలు, ఆ బల్లల నడుమ నిలబడి నేను. నా పని ఏందో మా చుట్టాలకు ఇప్పటికీ సమజ్ కాలే. ఒక పెండ్లిల మా మేనత్త అందరి ముంగట "మా స్వప్న పేకాటల జడ్జి" అని చెప్పింది. ఆ దినం నుంచి మా బంధువులల్ల నా ఇజ్జత్ ఎంత మిగిలిందో మీరే అనుకోండి.

పేకాట కాదు తల్లీ, ట్రేడింగ్ కార్డ్ గేమ్. ఒక్కొక్క కార్డు మీద ఒక బొమ్మ, దాని బలం, దాంతోని ఏం చెయ్యొచ్చో ఇంగ్లీషుల నాలుగు లైన్లు ఉంటయి. ఎవరి కార్డులు వాళ్లు కొనుక్కుంటరు, దోస్తులతోని మార్చుకుంటరు, అండ్లకెల్లి మంచివి ఏరుకొని ఆడేతందుకు ఒక కట్ట తయారు చేసుకుంటరు. ఆ కట్టను డెక్ అంటరు. కార్డులు వేలల్ల ఉంటయి గనుక, రెండు కార్డులు ఎదురుపడ్డప్పుడు ఏమైతదో ఆడేటోళ్లకు ఒక్కోసారి తెల్వది. అప్పుడు నాకు ఫోన్ చేస్తరు. వారమంత ఫోన్‌ల రూల్స్ చెప్పుడు, ఆదివారం టోర్నమెంట్ల జడ్జిగ నిలబడుడు, ఇదే నా నౌకరి. అమీర్‌పేటల హాస్టళ్లల్ల ఉండి కోచింగ్ తీసుకునే పిలగాండ్లు మైత్రీవనంల క్లాసు నడుస్తుంటే మెట్ల మీదికి వచ్చి నాకు ఫోన్ చేస్తరు. "అక్కా, నా డ్రాగన్ చచ్చిపోయినంక సుత దాని పవర్ పనిచేస్తదా?" అని ఒకడు. "చచ్చినంక పనిచేసేది ఇన్సూరెన్స్ ఒక్కటే, పోయి క్లాసుల కూసో," అని నేను. నా నోరు జర గట్టిదే. కాని జవాబు మాత్రం ఏనాడు తప్పు చెప్పలే.

జడ్జి పనిల అందరికి తెల్వని సంగతి ఒకటుంది. ఆడేటోళ్లు తప్పు చేస్తే, ఆ తప్పు ఏందో చూసుడు అల్క. తెల్వక చేసిన్రా, తెలిసి చేసిన్రా అనేది పట్టుకునుడు కష్టం. తెల్వక చేస్తే వార్నింగ్, అంటే ఒక మందలింపు. ఆటను ఆ తప్పు ముందటికి తిప్పి మళ్ల ఆడిస్తం. తెలిసి చేస్తే డిస్‌క్వాలిఫికేషన్, అంటే ఆటలకెల్లి బయటికి. పేరు సుత ఆట కంపెనీకి పంపాలె. ఆ తర్వాత ఎక్కడ టోర్నమెంట్ జరిగినా ఆ పేరును అనుమానంగనే చూస్తరు. అందుకే గసొంటి సందర్భంల మనిషిని పక్కకు తీసుకపోయి, మెల్లగ మాట్లాడి, మనసుల ఏమున్నదో తెలుసుకోవాలె.

ఆ ఆదివారం కొత్తోళ్ల టోర్నమెంట్ పెట్టినం. పదకొండు పన్నెండేండ్ల పిల్ల ఒకతి వాళ్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకొని మెట్లెక్కి వచ్చింది. పిల్ల పేరు మేఘన. అమ్మమ్మ సుభద్రమ్మ గారు. ఇస్త్రీ చేసిన నేత చీర, భుజానికి సంచి, అండ్ల నీళ్ల సీసా, చేగోడీల డబ్బా.

"ఏమ్మా, ఆడనివాళ్ళు కూడా కూర్చోవచ్చా ఇక్కడ?" అని అడిగింది.

"కూసోండమ్మా," అని కిటికీ పక్కన కుర్చీ ఏసిన.

అడగకుండనే అంత చెప్పింది. వాళ్లది కాకినాడ వైపు. రెండేండ్ల కింద యూసుఫ్‌గూడల బిడ్డ ఇంటికి వచ్చి అక్కడనే ఉంటుంది. బిడ్డ, అల్లుడు ఇద్దరు ఆఫీసులకు పోతరు. మేఘనకు ఎవరో ఈ కార్డుల పెట్టె ఇచ్చిన్రట గాని, అండ్ల ఉండాల్సిన రూల్స్ పుస్తకం ఎక్కడో పోయిందట.

"అయితే ఏం? కార్డుల మీద రాసింది చదివాను, మిగతాది ఊహించుకున్నాను. ఎంతైనా కార్డులాటే కదా! దీనికి ఆట మొత్తం నేనే నేర్పానమ్మాయ్," అన్నది గర్వంగ.

నేను నవ్విన. అరవై దాటిన మనిషి డ్రాగన్ల ఆట నేర్పిందంటే ముచ్చటే కద.

మొదటి రౌండ్ సగంల ఉండంగ అరుపు వినపడ్డది. "జడ్జ్! అక్కా, జడ్జ్!"

అరిచింది వంశీ. బీటెక్ రెండో సంవత్సరం. మంచోడే గాని గొంతు పెద్దది. వాని ఎదురుంగ మేఘన. కార్డులు అరగకుండ అందరు స్లీవ్‌లు తొడుగుతరు, అంటే ప్లాస్టిక్ కవర్లు. వంశీవి ఎర్రవి, మేఘనవి నీలంవి. మేఘన చేతిల విసనకర్ర లెక్క విప్పి పట్టుకున్న నీలం కార్డుల నడుమ ఒక ఎర్ర కార్డు ఉన్నది.

"చూడక్కా, నా డ్రాగన్!" అన్నడు వంశీ. ఆ కార్డంటే వానికి పానం. "వాడేసి నా డిస్కార్డ్ పైల్‌ల పెట్టిన. ఈమె చెయ్యి చాపి ఇట్ల తీసుకొని తన చేతిల పెట్టుకున్నది. దొంగతనం గాకపోతే ఏందక్కా ఇది?"

డిస్కార్డ్ పైల్ అంటే వాడిన కార్డులు పడేసే కుప్ప. ఎవరి కుప్ప వాళ్లదే. ఎదుటోళ్ల కుప్పల చెయ్యి పెట్టుడు అన్నదే ఈ ఆటల లేదు. నా నాలుగేండ్లల్ల అసొంటిది చూసుడు అదే మొదలు.

"ఇద్దరు కార్డులు బల్ల మీద పెట్టుండ్రి. మేఘనా, ఏమైందో నువ్వు చెప్పు," అన్న.

ఆ పిల్ల నోరు తెరిచేలోపల వంశీ ఆగలే. "అసలు నీకు ఈ ఆట ఎవరు నేర్పిన్రు? ఎవరో గాని దిమాక్ లేనోళ్లు!" అన్నడు. పక్క బల్లలోళ్లు నవ్విన్రు.

మేఘన కిటికీ దిక్కు చూసింది. అక్కడ సుభద్రమ్మ గారికి ఏం వినపడతలేదు. మనవరాలు తన దిక్కు చూసిందని సంబరపడి, కానియ్, కానియ్ అన్నట్టు చెయ్యి ఊపింది. పిల్ల మొఖం ఒక్కసారి గట్టిపడ్డది.

"నాకెవరూ నేర్పలేదు. రూల్ నాకు తెలుసు. తెలిసే తీశాను," అన్నది.

బల్లల దగ్గర నవ్వులు ఆగిపోయినయి. వంశీ సుత బిత్తరపోయిండు. తప్పు చేసినోళ్లు తెల్వదంటరు, మరిచిపోయినమంటరు, కరెంటు పోయిందంటరు. తెలిసే చేసిన అని ఒప్పుకున్న మనిషిని నేను చూడలే. ఆ మాట మీద నేను నిలబడితే ఆ పిల్లను అప్పటికప్పుడు బయటికి పంపాలె. పన్నెండేండ్లకే దొంగాట ఆడిందని పేరు రాయాలె.

మెట్ల దగ్గరికి తీసుకపోయిన.

"నువ్వు చెప్పింది రాస్తే ఏమైతదో తెలుసా?"

"తెలుసు. పంపించేస్తారు."

"మరి?"

"రాసెయ్యండక్కా."

నాకు సర్రున కోపం వచ్చింది. "ఏం రాయాలె? దొంగతనం చేసేటోళ్లు ఎర్ర కార్డు తీసుకపోయి నీలం కార్డుల నడుమ పెట్టుకొని అందరికి కనపడేటట్టు పట్టుకుంటరా? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా?"

పిల్ల కింది పెదవి కొరుకుతుంది. అప్పుడు నాకు మా ఇల్లు యాదికొచ్చింది. శివరాత్రి జాగారం అంటే మా నాయిన, చిన్నాయినలు, మేనత్తలు చాప పరుచుకొని రమ్మీ ఆడుడే. రమ్మీల ఎదుటోడు పడేసిన కార్డు మనకు పనికొస్తే ఎత్తుకోవచ్చు. అది దొంగతనం కాదు, తెలివి. మేఘన కార్డులు పట్టుకున్న తీరు, చెయ్యి చాపి నిమ్మలంగ ఎత్తుకున్న తీరు, అంత మా మేనత్తదే!

"నువ్వేం చెప్పకు. నేను అడుగుత, తల ఊపు చాలు. ఇంట్ల రమ్మీ ఆడుతరా?"

పిల్ల తల ఊపి, "అమ్మమ్మకి చెప్పొద్దక్కా, ప్లీజ్," అని ఏడ్చింది.

"ఎందుకే? అమ్మమ్మ తిడతదా?"

"తిట్టదు. మా ఇంట్లో అందరూ అమ్మమ్మకే తప్పులు చెప్తారు. మిక్సీ అలా కాదంటారు, లిఫ్ట్‌లో ఆ బటన్ కాదంటారు, ఫోన్ ముట్టుకోవద్దంటారు. అమ్మ అంటుంది, నాన్న అంటాడు, పనామె కూడా అంటుంది. అమ్మమ్మ ఏం అనదు, లోపలికెళ్ళి కూర్చుంటుంది. ఈ ఆటలో ఒక్కదాన్లోనే అమ్మమ్మ చెప్పిందే రైటు."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అంత చిన్న పిల్ల, దొంగ అనే పేరు మోసేతందుకు తయారైంది, వాళ్ల అమ్మమ్మకు ఒక్క చోటన్న తప్పు పేరు రావద్దని. దగ్గరికి తీసుకొని కండ్లు తుడిచిన.

"విను. వేరే ఆట అలవాటు కొద్ది తీసుకున్నవు, దాచలే. నేను చెప్పేది గదే, అది నిజం. ఎవరు నేర్పిన్రని ఎవ్వరు అడగరు. కాని తెలిసే తీసిన అని మల్ల అనొద్దు. అబద్ధం మీద తీర్పు చెప్పుడు నాతోని కాదు."

సరే అన్నట్టు తల ఊపింది. బల్ల దగ్గరికి వచ్చి, డ్రాగన్‌ను వంశీ కుప్పల పెట్టించి, దాని బదులు మేఘనతోని తన డెక్‌లకెల్లి కార్డు తీయించి, వార్నింగ్ ఇచ్చిన.

"గంతేనా అక్కా?" అన్నడు వంశీ.

"గంతే. దొంగతనమైతే నీకు చూపించుకుంట చేస్తదారా?"

వాడు తన ఎర్ర కార్డుల దిక్కు, ఆమె నీలం కార్డుల దిక్కు చూసుకున్నడు. "అవునక్కా, నిజమే. సారీ చెల్లె, దొంగతనం అని అనకుండ ఉండాల్సింది," అన్నడు. ఆట వాడే గెలిచిండు. మేఘన చెయ్యి కలిపింది.

అయిపోయింది అనుకున్న. రెండో రౌండ్‌కు ముందు సుభద్రమ్మ గారు లేచి మా దగ్గరికి వచ్చింది.

"ఏమైందే?"

"ఏం లేదు అమ్మమ్మా, స్కోర్‌లో ఏదో తేడా వచ్చింది," అన్నది మేఘన.

ఆమె నా దిక్కు తిరిగింది. "నాకు వినపడలేదు కానీ కనపడిందమ్మాయ్. నువ్వు ఆ ముక్క వెనక్కి పెట్టించావు. తర్వాత మిగతా బల్లలన్నీ చూశాను. ఎదుటివాళ్ళు పడేసిన ముక్క ఒక్కళ్ళూ తీయట్లేదు. తీసుకోకూడదా?"

మేఘన ఆమె వెనక నిలబడి వద్దు వద్దని తల అడ్డంగ ఊపుతుంది. ఫోన్‌ల అయితే ఈ ప్రశ్నకు ఒక్క ముక్కల జవాబు చెప్పి పెట్టేద్దును. ఇప్పుడు మేఘన దిక్కు చూసిన. కాని అడిగింది సుత ఒక మనిషి, ఆటాడే మనిషి. ఆమెకు అబద్ధం చెప్తే నేను సుత ఆమెను లెక్కల నుంచి తీసేసినట్టే అయితది.

"తీసుకోవద్దమ్మా. ఈ ఆటల ఎవరి కుప్ప వాళ్లదే. రమ్మీల మాత్రం మీరు చెప్పిందే కరెక్టు," అన్న.

సుభద్రమ్మ గారు సంచి ఈ భుజం మీదికెల్లి ఆ భుజం మీదికి మార్చుకున్నది.

"అయితే రెండేళ్ళుగా దీని మీద నేను గెలిచిన ఆటలన్నీ?"

"గెలిచినవే అమ్మమ్మా!" అన్నది మేఘన.

"నువ్వుండవే. ఆవిడ జడ్జి, ఆవిణ్ణి చెప్పనీ."

అసొంటి ప్రశ్నకు ఏ రూల్‌బుక్‌ల జవాబుంటది! "మీరొక్కరే తీసుకునేటోళ్లా అమ్మా, ఈ పిల్ల సుత తీసుకునేదా?" అని అడిగిన.

"ఇద్దరం తీసుకునేవాళ్ళం. ఇది నాకన్నా ఎక్కువ తీసేది, రాక్షసి!"

"ఇద్దరికి ఒకటే రూల్ ఉన్నప్పుడు గెలిచింది గెలిచినట్టేనమ్మా. ఆ ఆటలు మీయే. ఎవ్వరు వాపస్ తీసుకోలేరు."

ఆమె మొఖంల కొద్దిగ వెలుగొచ్చింది. "హమ్మయ్య, అంతే చాలు," అని కూసున్నది. సంచి పక్కన పెట్టి, మేఘన డెక్‌ను బల్ల మీద నడుమకు తెచ్చి, "రా, కూర్చో. ఇప్పుడు అసలు ఆట నువ్వు నాకు నేర్పు," అన్నది. పిల్ల ఇంక నిలబడే ఉన్నది. సుభద్రమ్మ గారు దాని చెయ్యి పట్టుకొని, గొంతు తగ్గించి అడిగింది.

"మెల్లగా చెప్తావు కదూ? మీ అమ్మలాగా కసురుకోకు."

మేఘన రెండు చేతులతోని అమ్మమ్మ మెడ చుట్టేసింది. ఆమె భుజం మీద మొఖం పెట్టి తల ఊపింది, ఊపుతనే ఉన్నది. నేను అటు తిరిగి, రెండో రౌండ్ జర ఆలస్యంగ మొదలైతదని అందరికి గట్టిగ చెప్పిన. ఆలస్యమెందుకని ఒక్కడు సుత అడగలే, వంశీ సుత.

తప్పని చెప్పుడు ఎవరికన్న వస్తది. చెప్పినంక ఆ మనిషి లేచిపోకుండ, మళ్ల కార్డులు చేతిల పట్టుకునేటట్టు చెప్పుడే నా పనిల పెద్దది. రూల్‌బుక్ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాక నాకు నోటికి వస్తది. కసురుకోవద్దనే రూల్ మాత్రం అండ్ల ఎక్కడ లేదు. అది నాకు సుభద్రమ్మ గారు నేర్పింది.