కంప్యూటరుకి ఐసు పెట్టిన రోజులు

మొన్న పాత సామాన్లు కొనే ఆయన మా వీధిలోకి వస్తే అటక మీదున్న కంప్యూటర్ డబ్బా దింపి ఇచ్చాను. బండిలో వేస్తూ దాన్ని తలకిందులు చేసేసరికి లోపల్నుంచి గుప్పెడు ఊక జలజలా రాలింది. ఆయన నా వంక అదోలా చూశారు గానీ నాకు మాత్రం నవ్వాగలేదు. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, ఉత్తరం ముక్క తప్ప ఏదీ రాసి ఎరగను. అయినా ఆ ఊక సంగతి నా ఈడు వాళ్లకి చెప్పుకోవాలనిపించి కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది ధవళేశ్వరం. మా ఆయన ఏట్లో వేట చేసేవారు, ఆ చేపలు తట్టలో పెట్టుకుని వీధుల్లో తిరిగి నేను అమ్మేదాన్ని. పడవకి ఇంజను పెట్టించాక ఆ చప్పుడు బట్టే ఆయన ఎంత దూరంలో ఉన్నారో ఇంట్లో కూర్చుని చెప్పగలిగేదాన్ని. చప్పుడు మందగించిందంటే ఒడ్డుకొచ్చేస్తున్నారని అర్థం, పొయ్యి మీద ఏదున్నా దింపేసి తట్టతో రేవుకి పరుగెత్తేదాన్ని. అలాంటి మనిషికి ఒకరోజు పడవ దిగుతుంటే కాలు జారి మోకాలు విరిగింది. ఇక పడవెక్కొద్దని డాక్టరుగారు చెప్పేశారు.

మొదట్లో ఆయన ఇంట్లో కూర్చుని అందరినీ తిట్టేవారు. పులుసులో చింతపండు ఎక్కువైందని నన్నూ, వేళకాని వేళ కూసిందని పక్కింటి కోడినీ, నీళ్లు సరిగ్గా పారడం లేదని కాలవనీ. తిట్టినన్నాళ్లూ బాగానే ఉంది, తిట్టడం మానేశాకే నాకు భయం వేసింది. గోడవైపు తిరిగి పడుకునేవారు. కంచంలో పెట్టిన అన్నం సగం అలాగే ఉండేది.

అప్పుడు మా అమ్మాయి తన ఫోన్లో ఒక ఆట చూపించింది. సముద్రం, పడవ, వల, అన్నీ నిజంగా ఉన్నట్టే ఉన్నాయి. ఆయన లేచి కూర్చుని, అది మనింట్లో కంప్యూటర్లో ఆడదా అని అడిగారు. నెల రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి ప్రశ్న అదే. ఆ కంప్యూటరు అమ్మాయి కాలేజీ చదువు కోసం సెకండ్‌హ్యాండులో చవగ్గా కొన్నది. ఆట వేసి చూస్తే ఎసట్లో బియ్యం ఉడికేంతసేపటికి ఒక బొమ్మ వచ్చింది, ఆ వచ్చిన పడవ కూడా బురదలో దిగబడినట్టు కదల్లేదు. కొత్త ఆటలకి ఇది చాలదు నాన్నా, ర్యామ్ పెంచాలి, గ్రాఫిక్స్ కార్డు వేయించాలి అంది అమ్మాయి.

"పడవ పాతదైతే ఏంటే, ఇంజను మార్చుకోమా?" అన్నారాయన.

సరేనని ఆ డబ్బాని రాజమండ్రి తీసుకెళ్లే పని నాకు పడింది. బరువంటే తట్టలో పెట్టి మొయ్యడమే నాకు తెలుసు గనక అలాగే పెట్టి, పైన తడిగుడ్డ బదులు పొడిగుడ్డ కప్పి, ఆటో ఎక్కాను. పక్కనున్న పెద్దావిడ ముక్కు మూసుకుని, ఏం చేపండీ అని అడిగింది.

"చేప కాదండీ, కంప్యూటరు."

"అయ్యో, దాన్ని కూడా పులుసు పెడుతున్నారాండీ ఇప్పుడు?"

ఆటో అంతా నవ్వింది. షాపాయన కూడా గుడ్డ తీయగానే ముందు ఫ్యాను స్పీడు పెంచి, ఆ తర్వాతే స్క్రూలు విప్పారు. అవీ ఇవీ అన్నీ మార్చి ఇచ్చాక ఆట నడిచింది. మా ఆయన కీబోర్డు ముందు మఠం వేసుకుని కూర్చుని, చుక్కాని పట్టుకున్నట్టే భుజం వంచి పడవ నడిపారు. తీరా సముద్రం మధ్యకి వెళ్లేసరికి డబ్బా కాలిపోయేంత వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. నడి ఏట్లో ఇంజను ఆగినవాడిలా ఆయన మొహం వేలాడేసుకున్నారు.

అమ్మాయి కాలేజీకి వెళ్లింది. వేడికి మా ఇంట్లో తెలిసిన మందు ఒకటే. చేప పాడవకుండా ఐసుని ఊకలో కప్పి గోనెలో చుట్టి ఉంచుతాం గదా, ఆ మూటే తెచ్చి డబ్బాకి పక్కనున్న కన్నాలకి ఆనించాను. మా ఆయన తల ఊపారు. నిజంగానే ఆ పూట పడవ చాలా దూరం వెళ్లింది. ఇంత చిన్న సంగతి షాపాయనకి తోచలేదేంటా అని ఇద్దరం మురిసిపోయాం. ఇంతలో లోపల రైసుమిల్లు ఆడుతున్నట్టు చప్పుడై మొత్తం ఆగిపోయింది. గోనె చిల్లుల్లోంచి ఊకంతా డబ్బాలో ఉన్న ఫ్యాను లోపలికి లాగేసుకుంది.

అమ్మాయి వచ్చి నీళ్లూ ఊకా చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎవరమ్మా దీన్ని పాతరేసింది?"

"మీ నాన్నగారే పెట్టమన్నారు."

"నేను తలూపింది ఐసుకే. ఊక మీ అమ్మది."

మాట తేలిగ్గానే అన్నారు గానీ ఆ పూట మళ్లీ గోడవైపు తిరిగారు, కంచం ముట్టలేదు. నేనే చేజేతులా పాడుచేశానే అని నాకు ఏడుపొచ్చింది. మర్నాడు మళ్లీ తట్ట, మళ్లీ ఆటో. షాపాయన మూత తీసి, "ఇందులో ధాన్యం ఏమైనా ఆరబోశారాండీ?" అని అడిగారు. ఆయన ఓపిగ్గా బ్రష్షుతో దులిపి, ఆరబెట్టి, లోపల ఇంకా పెద్ద ఫ్యాను బిగించి, ఇక మీదట మూత తీసేసి ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టండి, ఐసు మాత్రం చేపలకే ఉంచండి అని పంపించారు. ఎంత దులిపినా మూలల్లో ఊక ఉండనే ఉంది, అదే మొన్న రాలింది.

ఆ రోజు నుంచి ఆట ఆగలేదు. ఆయన మళ్లీ తిట్టడం మొదలుపెట్టారు, నా ప్రాణం లేచొచ్చింది. వల వేసిన ప్రతిసారీ నిండుగా వస్తుందంటే ఈ ఆట చేసినవాడు ఏనాడూ వేటకెళ్లలేదని తిట్టేవారు. సముద్రం మీదున్నంతసేపూ ఆ కొత్త ఫ్యాను హోరెత్తేది, ఒడ్డుకొచ్చి ఆట ఆపగానే మందగించేది. వంటింట్లో నాకు అంతా తెలిసేది. చప్పుడు తగ్గడం, ఆయన కేకెయ్యడం ఒక్కసారే అయ్యేవి. "ఏమే, పడవొచ్చింది, తట్ట తెచ్చుకో." నేను తడిచేతులతో వెళ్లి తెర మీదికి వంగి చూసి, ఇవాళ అన్నీ సన్నచేపలే, ఎవరు కొంటారండీ అని బేరం పెట్టేదాన్ని.

ఇప్పుడు ఏట్లో చేప తగ్గింది, నేనూ తట్ట దించేశాను. అమ్మాయి కొనిచ్చిన ఫోన్లో ఆయన అంతకంటే గొప్ప ఆటలే ఆడుతున్నారు. దానికి మూత తియ్యక్కర్లేదు, ఎదురుగా ఫ్యాను పెట్టక్కర్లేదు, చెవుల్లో వైర్లు పెట్టుకుని మంచం మీదే ఉంటారు. బాగానే ఉంది, కాదనను. చప్పుడే లేదు. ఆయన ఎప్పుడు వేటకెళ్తున్నారో, ఎప్పుడు ఒడ్డుకొస్తున్నారో వంటింట్లో ఉన్న నాకు తెలియడం లేదు.