నరసింహ వేసిన కేక

ఓబుళేశు పంతొమ్మిదేళ్లప్పుడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికి చేరాడు. మొదట రాళ్లెత్తాడు, తర్వాత డ్రిల్లింగు మిషనెక్కాడు. నలభై దాటేసరికి అంత నిదానంగా, అంత తిన్నగా బండకు బొక్క వేసేవాడు లేడని పేరొచ్చింది. ఆ మిషనే అతని చెవులు తినేసిందని మాత్రం ఎవరికీ తెలీదు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమవైపు దగ్గరకొచ్చి గట్టిగా మాట్లాడితే కొంత అందేది. మిగతాదంతా ఎదుటివాళ్ల పెదాలు చూసి పట్టేవాడు. పట్టలేనప్పుడు నవ్వి తలూపేవాడు. సంగతి బయటపడితే మిషను దింపేస్తారని భయం. "ఏంది, పిలిస్తే పలకవు?" అని భార్య శివజ్యోతి కసిరితే, "ఏదో ఆలోచిస్తాండాలే" అనేవాడు.

షిఫ్టు మేస్త్రి నరసింహ అతని చిన్ననాటి స్నేహితుడే. గనికి కొత్త మిషనొస్తే తనకే ఇస్తాడని ఓబుళేశు ఆశపడ్డాడు. నరసింహ దాన్ని ఇంకొకడికి ఇప్పించాడు. పైగా, "వాడు ఈ మధ్య చెప్పిన మాట ఇనడంలేదు" అన్నాడని ఎవరో మోసుకొచ్చారు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ఇది చూడలేక లారీ నడిపే దాసన్న తెలిసినవాళ్ల జీపు తెచ్చి ఇద్దర్నీ ఎక్కించాడు. శనివారం పోయి పెన్న ఒడ్డున గుడారం వేసుకుని, గాలాలేసి, ఆదివారం తిరిగి రావాలని అతని పథకం.

దారిలో ముందు సీట్లోంచి నరసింహ ఏదో అడిగాడు. వెనక కూర్చున్న ఓబుళేశు పలకలేదు.

"సూడు దాసన్నా, ఇంకా బిగదీసుకునే ఉండాడు" అన్నాడు నరసింహ. దాసన్న పాటల మోత పెంచాడు.

సోమశిల డ్యాము వెనక నీళ్లు కొండల నడుమకు చొచ్చుకొచ్చిన చోట దిగారు. గుడారం లేచింది. ఎండ చల్లబడేలోపు నాలుగు జిలేబీ చేపలు పడ్డాయి. దాసన్న పుల్లలేరడానికి గట్టెక్కాడు. ఓబుళేశు బండమీద కూర్చుని, నీటిపై తేలే బెండు మీదే చూపు నిలిపాడు. వెనక కుడివైపు మలుపులో నరసింహ ఉన్నాడని తెలుసు. అతని గాలం అడుగున తగులుకుందనీ, విడిపించుకోవడానికి నీళ్లలోకి దిగాడనీ, ఎవరో వదిలేసిన పాత వల కాలికి చుట్టుకుందనీ తెలీదు.

గాలం దారం కొంచెం బిగిసింది. లాగుదామనుకునేంతలో దాసన్న గట్టు మీద పుల్లలు విసిరేసి, నోరు బార్లా తెరిచి, ఓబుళేశు పక్కనుంచే ఉరికాడు. అతను తిరిగి చూశాడు. నీళ్లమీద నరసింహ తల ఒక్కటే ఉంది. అదీ వెనక్కి వాలిపోయి, నోట్లోకి నీళ్లు పోతున్నాయి.

ఓబుళేశు చేపలు కోసే కత్తి అందుకుని దూకాడు. దాసన్న నరసింహ చంకల కింద చేతులేసి పైకెత్తి పట్టుకున్నాడు. ఓబుళేశు మునిగి చీకట్లో తడిమాడు. నైలాను దారాలు చీలమండలోకి దిగబడి ఉన్నాయి. కత్తి జారుతోంది. ఊపిరి చాలక పైకొచ్చి మళ్లీ మునిగాడు. నరసింహ రెండో కాలు బెదురుకొద్దీ అతని ముఖాన తన్నింది. పెదవి చిట్లింది. అయినా పట్టు వదల్లేదు. చివరికి దారం తెగింది.

ఒడ్డున నీళ్లు కక్కుకున్నాక నరసింహ లేచి ఓబుళేశు చొక్కా పట్టుకున్నాడు.

"పేరుపెట్టి పిలిస్తి కదరా! గొంతు చీలేటట్టు అరిస్తి. అంత దగ్గర్లో కూర్చోని తలకాయ గూడా తిప్పలేదు. మిషను ఇయ్యలేదని సచ్చిపోనిస్తావా?"

ప్రతి మాటా పెదాల మీద స్పష్టంగా కనబడింది.

"గట్టుమీదుండే నాకు ఇనపడె" అన్నాడు దాసన్న ఎదురుగా నిలబడి. "నీకు ఇనపడలేదంటే ఎట్ల నమ్మేదప్పా?"

గాలి అడ్డమొచ్చిందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇద్దరూ తనని చూస్తున్న చూపు అతను తట్టుకోలేకపోయాడు.

"నాకు ఇనపడదు నరసింహా. కుడిచెవి పోయి శానా ఏండ్లాయ. ఎడమది గూడా పోతాండాది."

నరసింహ పిడికిలి సడలింది. "గనిలో మందు పేల్చేముందు సైరను మోగుతాదే. అదీ ఇనపడదా?"

"అందరూ పరిగెత్తేది చూసి నేనూ పరిగెత్తుతా."

"పోయిన నెల నువ్వు ఆఖర్న నడిచొస్తివి. పొగరనుకుని తిడ్తి." నరసింహ ఇసకలో కూలబడ్డాడు. చీలమండ నుంచి రక్తం కారుతున్నా చూసుకోలేదు.

"ఎవురికీ చెప్పొద్దప్పా. ఇద్దరు ఆడబిడ్డలు చదువుకుంటాండారు."

దాసన్న గుడారం పీకేశాడు. చీకటి పడకముందే జీపు కదిలింది. దారిపొడవునా ఓబుళేశు వెనక సీట్లోంచి ముందుకు వంగి ఇద్దరి పెదాలూ చూస్తూనే ఉన్నాడు. అవి కదల్లేదు.

ఓబుళేశు ఇంటి దగ్గర నరసింహ కుంటుకుంటూ దిగి అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. "సోమవారం నుంచి నువ్వు మిషనెక్కొద్దు" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. ఓబుళేశును లారీలు తూకం వేసే కాటా దగ్గరికి మార్పించాడు. చాలారోజులు ఓబుళేశు అతని మొహం చూడలేదు, ఇంటికొస్తే లోపలికి పోయి పడుకున్నాడు. నరసింహ రావడం మానలేదు. ఒకరోజు శివజ్యోతితో కలిసి బలవంతంగా కడపకు తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించాడు. కుడిది తిరిగిరాదనీ, మోతకు దూరంగా ఉంటే ఎడమది నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఓబుళేశు మళ్లీ డ్రిల్లింగు మిషను ఎక్కలేదు. ఆ బాధ పోనూ లేదు.

ఇప్పుడు సాయంత్రాలు నరసింహ వస్తే తలుపు తీస్తాడు. నరసింహ ముందు అతని భుజం తట్టి, ఎదురుగా కూర్చుని, అప్పుడు నోరు తెరుస్తాడు.